అరగంట పనే కదండీ!

లోపల ఇరవై రెండు బొమ్మలు, పైన ముఖచిత్రం. అన్నీ రంగుల్లోనే. మొత్తానికి 6,000 రూపాయలు. ఈ మాట చెప్పడానికి పుస్తకాలు అచ్చేసే ఆ పెద్దమనిషి కాస్తయినా మొహమాటపడలేదు. "పిల్లల పుస్తకమే కదండీ, మీ చేతికి ఒక్కోటీ అరగంట పని. బాపు గారి బొమ్మల్లా ఉంటే చాలు" అన్నారు. బాపు గారి బొమ్మ కావాలట, 260 రూపాయలకి!

ఆ అరగంట ఎంత పొడుగో నిరుడు వీళ్లకే వేసిన పుస్తకంతో తెలిసొచ్చింది. అందులో బియ్యం చెరిగే అవ్వ ఉంది. ఎన్నిసార్లు గీసినా మణికట్టు కుదరలేదు. చివరికి మా అమ్మ చేతికి చేట ఇచ్చి వరండాలో కూర్చోబెట్టాను. ఆవిడ చెరుగుతుంటే గంటసేపు ఆ చేతినే చూశాను. బియ్యం పైకి లేచినప్పుడు మణికట్టు ఓ క్షణం వెనక్కి వాలుతుంది. పొట్టు ఎగిరిపోయేది అప్పుడే. అది పట్టుకుని పెన్సిల్‌తో గీసి, ఇంకు చేసి, రంగులేసి పంపాను.

"అవ్వ నవ్వుతుంటే బాగుంటుందండీ." నవ్వించాను. "చీర ఎరుపు చేయండి." చేశాను. మూడు రోజుల తర్వాత, "మొదట పంపిందే బాగుందండీ!"

డబ్బు ఎనిమిది నెలలకి చేతికొచ్చింది. పుస్తకం అంతకు ముందే వచ్చింది. లోపలి పేజీలో రచయిత పేరుంది, డీటీపీ చేసినాయన పేరుంది, ప్రెస్సు ఫోన్ నంబరు కూడా ఉంది. బొమ్మలు వేసినవాడి పేరు లేదు. అడిగితే "అయ్యో, మర్చిపోయామండీ, వచ్చే ముద్రణలో చూద్దాం" అన్నారు. హక్కులన్నీ రాసిచ్చేసినా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కు కర్తదేనని 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ చెబుతోంది. అయినా ఒక పేరు అచ్చేయడానికి చట్టం గుర్తుచేయాలా? చందమామ తిరగేసిన పిల్లలకి చిత్రా, శంకర్, వపా అనే పేర్లు కంఠతా వచ్చేవి. శంకర్ అయితే దశాబ్దాలు అక్కడే ఉద్యోగం చేశారు. బొమ్మ వేసేవాడికీ ఇల్లూ వాకిలీ ఉంటాయని ఆ రోజుల్లో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. బొమ్మకి రోజున్నర, పైన ఈ మార్పులూ చేర్పులూ. తక్కువలో తక్కువ 40 రోజులు. రోజుకి 150 రూపాయలు. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి 300. కాగితం కొట్టువాడితో వీళ్లు బేరమాడరు, ఆడితే రీము కదలదు. బైండింగ్ మేస్త్రీకి రోజు లెక్కన ఇస్తారు. బేరమంతా బొమ్మ దగ్గరే.

వద్దనేయొచ్చు కదా అంటారు. గ్యాసు బండ అయిపోవచ్చింది, పిల్లదాని ఫీజు కట్టాలి. రెండు రోజులు "సరే" అనే మాట నాలుక చివరనే ఉంది. నన్ను ఆపింది పౌరుషం కాదు. నేను కాదంటే మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి నిన్న బయటికొచ్చిన కుర్రాడిని పిలుస్తారు. నేను సరేనంటే, రేపు అదే కుర్రాడితో "అంత సీనియరే ఆరు వేలకి వేశాడయ్యా, నీకు నాలుగు చాలు" అంటారు. నా పేరు పుస్తకంలో వేయడం మర్చిపోతారు గానీ, అక్కడ మాత్రం మర్చిపోరు.

అందుకే వాట్సాప్‌లో రాసి పంపాను. బొమ్మకి వెయ్యి. సగం అడ్వాన్సు. రెండుసార్లకి మించి మార్పులుంటే అదనం. లోపలి పేజీలో పేరు. కాసేపటికే నీలం టిక్కులు పడ్డాయి. కుదరదనైనా అనలేదు. నాలుగు రోజులు గడిచాయి.

అయిదో రోజు పొద్దున్నే ఆ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. "సంక్రాంతి శుభాకాంక్షలు." కింద పెద్ద అక్షరాలతో వాళ్ల సంస్థ పేరు. పైన చేట పట్టుకున్న అవ్వ, నవ్వకుండా.

అమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోను దగ్గరికి తెచ్చుకుంది. "ఇది నా చెయ్యి కదరా" అంది.