బొమ్మ బస్సు రంగు తీయబోతే

పోయిన నెల వానకు బడి లేని రోజు మా మనుమడు అటక మీది డబ్బా దించిండు. అందులో వాళ్ళ నాయిన పదో తరగతిలో చేసిన ఎస్టీ బస్సు ఉన్నది. రేకు బాడీ, కిటికీలకు అల్యూమినియం పట్టీలు, ప్లాస్టిక్ చక్రాలు. కొడుకు ఇప్పుడు పుణెలో ఉంటడు. వాని చేతి పని కుంఠా నాకా ఇంట్లో మిగిలింది అదొక్కటే. రంగు పొరలు పొరలుగా లేచింది. "తాతా, కొత్త ఎర్ర రంగు వేద్దాం" అన్నడు పిల్లగాడు.

పాత రంగు పోకుండా కొత్తది నిలవదు. మిల్లు రంగు ఖాతాలో పనిచేసినోణ్ణి, నాకు కాస్టిక్ సోడా తెలియదా అనుకున్న. నూలుకు మెరుపు రావాలన్నా, రంగు మంచిగ పట్టాలన్నా అక్కడ అదే కదా. కార్ఖానా నుంచి కొంచెం తెచ్చి, వేడినీళ్ళలో కలిపి, బస్సును అట్లనే ముంచిన. కొంచెం సేపటికే బుసబుస పొంగింది. రేకుకు ఏం కాలేదు. పట్టీలు మాత్రం నల్లబడి, కాయితం లెక్క పలచబడి, తీస్తే విరిగినయి.

కాస్టిక్ ఇనుమును తినదు, అల్యూమినియాన్ని తింటది. జస్తం పోత బొమ్మలను కూడా పాడుచేస్తది. తినేటప్పుడు హైడ్రోజన్ పుడతది. దానికి వాసన ఉండదు, నిప్పు తగిలితే భగ్గుమంటది. అప్పుడు నాలుగడుగుల దూరంలో కోడలు పొయ్యి మీద రొట్టెలు కాలుస్తున్నది. పిల్లగాడు గిన్నె మీదికి వంగి చూస్తున్నడు. ఒక్క తుంపర కంట్లో పడితే చూపు పోయేది. మిల్లులో కొత్తోళ్ళకు అద్దాలు పెట్టుకోండి, చేతులకు రబ్బరు తొడుక్కోండి అని చెప్పినోణ్ణి నేనే. ఇంట్లో నేనే ఏదీ పెట్టుకోలేదు. పట్టీలు పోతే పోయినయి, కళ్ళు దక్కినయి. అందుకే ఈ నెల ఇది రాస్తున్న.

మొదలు బొమ్మను విడదీయండి. ఒక్కో దానికి ఒక్కో మందు. అయస్కాంతం పెట్టి చూడండి. అంటితే ఇనుప రేకు, అంటకపోతే అల్యూమినియమో, జస్తమో, ఇత్తడో.

రేకుకు ఇంట్లో కాస్టిక్ వద్దు. బట్టల సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమితే చాలావరకు వస్తది. వెంటనే తుడిచి, ఆరబెట్టి, ప్రైమర్ కొట్టాలె, లేకుంటే తెల్లారేసరికి తుప్పు. అల్యూమినియానికి బట్టల సోడా కూడా పనికిరాదు. గుడ్డకు కొంచెం థిన్నర్ అద్ది తుడవండి. అదీ బయట, గాలిలో, పొయ్యికీ బీడీ నిప్పుకూ దూరంగా. చాళ్ గదిలో తలుపు మూసుకొని చేస్తే తల తిరుగుతది.

ప్లాస్టిక్‌కు థిన్నర్, పెట్రోలు చూపించొద్దు. రంగుతో పాటు చక్రం కూడా మెత్తబడి వంకర పోతది. నీళ్ళతో కలిపే రకం రంగు అయితే డెటాల్‌లో రాత్రంతా నానబెట్టండి. ముందు కనబడని మూల ఒక చుక్క వేసి చూడండి. తెల్లారి బ్రష్షును కూడా డెటాల్‌లోనే ముంచి తోమండి. రంగు పోకముందే నీళ్ళు పోస్తే జిగట అయి అంటుకుంటది. రంగంతా పోయినాక సబ్బునీళ్ళతో కడగండి. అద్దంలాంటి ప్లాస్టిక్‌కు సబ్బునీళ్ళు తప్ప ఏదీ వద్దు.

ఇంకొకటి, అందరికంటే మన ఆడోళ్ళు వినాలె. పాత ఎరుపు, పసుపు, నారింజ రంగులలో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగులకు సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించొద్దని నియమం 2017 నవంబరు నుంచే అమలైంది. మా బస్సు రంగు అంతకంటే చాలా పాతది. పొడి రంగును గీకితే దుమ్ము లేస్తది. అది చిన్నపిల్లల కడుపులోకి పోతే బుద్ధి ఎదుగుదల దెబ్బతింటది. అదే గదిలో మనం బీడీ ఆకు కత్తిరిస్తం, పిండి పిసుకుతం. కాబట్టి తడిపి గీకండి. పెచ్చులు పాత కాయితంలో చుట్టి చెత్తలో వేయండి, మోరీలో కాదు. చేతులు సబ్బుతో కడిగినాకనే ఆకు పట్టండి, అన్నం ముట్టండి.

ఎక్కడైనా కాస్టిక్ కలపక తప్పకపోతే, నీళ్ళలో కాస్టిక్ వేయాలె, కాస్టిక్ మీద నీళ్ళు పోయొద్దు. మీద పడితే తాగునీటి నల్లా కింద పావుగంటకు తగ్గకుండా కడిగి దవాఖానకు పోవాలె. కాస్టిక్ నీళ్ళు గానీ, థిన్నర్ గానీ తాగే నీళ్ళ సీసాలో ఎన్నడూ పోయొద్దు. దూప అయిన పిల్లకు అది నీళ్ళే.

కొత్త పట్టీలు పాత డబ్బా మూత కత్తిరించి మనుమడే చేసిండు. కొంచెం వంకరగా ఉన్నయి. వాళ్ళ నాయిన దీపావళికి వచ్చినప్పుడు చూసి ఏమంటడో చూడాలె.