మన బొక్కల సంగతి కంప్యూటర్‌కు తెలియాలి



నల్గొండ అనగానే లోకానికి ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు నడుము వంగినవాళ్లు, కాళ్లు వంకరపోయినవాళ్లు మనకు కొత్త కాదు. మిషన్ భగీరథతో ఊళ్లకు శుద్ధి చేసిన నీళ్లు వచ్చాయి. సంతోషం! కానీ ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన బొక్కలు నల్లా రాగానే బాగుపడవు. ఆ బొక్క రేపు విరిగితే ఏ రాడ్డు వెయ్యాలి? ఈ ప్రశ్న డాక్టర్లది మాత్రమే కాదు, ఇంజనీరింగ్ చదివే మనది కూడా అని నా అభిప్రాయం.

ఇప్పుడు రాడ్డు, ప్లేటు, కృత్రిమ కీలు తయారు చేసేవారు ముందు కంప్యూటర్‌లో పరీక్షిస్తున్నారు. అందుకు వాడేది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. పెద్ద వస్తువును వేల చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి, అన్నింటినీ కలిపి చూడటమే ఇది. విమానాలకు, వంతెనలకు వాడిన ఈ పద్ధతిని 1972 నాటికే ఎముకలకు అన్వయించారు. 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ పూర్తిచేసిన జె.ఎన్. రెడ్డి గారు 1984లో దీనిపై రాసిన పాఠ్యపుస్తకాన్ని ప్రపంచమంతా చదువుతున్నారు.

దీనివల్ల లాభమేమిటి? స్టీలు మన బొక్క కంటే దాదాపు పది రెట్లు బిగువైనది. టైటానియం ఐదారు రెట్లు. బరువంతా రాడ్డే మోస్తే, పని లేని బొక్క పలుచబడుతుంది. బరువును బట్టే ఎముక మారుతుందని జర్మన్ డాక్టరు జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. రాడ్డు ఎంత మోస్తుందో, బొక్కకు ఎంత వదులుతుందో మనిషిని కోయకముందే కంప్యూటర్ చూపిస్తుంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. కంప్యూటర్ సీటీ స్కాన్ చూసి, ఎముక ఎంత దట్టంగా ఉంటే అంత గట్టిదని సూత్రం ప్రకారం లెక్క వేస్తుంది. ఫ్లోరోసిస్ బొక్క స్కాన్‌లో దట్టంగానే కనిపిస్తుంది. కానీ లోపల పెళుసు! 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు 202 మంది మహిళలపై జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. నాలుగేళ్లు ఫ్లోరైడ్ మందు వాడినవారి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పైగా ఇతర ఎముకలు విరగడం పెరిగింది. మామూలు ఎముకల సూత్రాన్ని గుడ్డిగా వాడితే, బలహీనమైన బొక్కను బలమైనదని కంప్యూటర్ చెబుతుంది.

బరువుల లెక్క కూడా అంతే. బెర్లిన్‌లో కృత్రిమ తుంటి కీలులోనే పరికరం అమర్చి కొలిచి, ఆ కొలతలు 2001లో ప్రచురించారు. మామూలుగా నడిచినా మనిషి బరువుకు దాదాపు రెండున్నర రెట్లు తుంటి మీద పడుతుందట. మరి పొద్దంతా వంగి నాటు వేసే తల్లికి, గొంతుక్కూర్చుని కలుపు తీసే అవ్వకు ఎంత పడుతుంది? ఆ లెక్క మన పొలాల్లోనే తీయాలి.

"ముందు మందులు, పింఛన్లు కావాలి గానీ కంప్యూటర్లు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. అవీ కావాలి, ఇదీ కావాలి. హైదరాబాద్‌లో నిమ్స్ డాక్టరు అడిగితే అబ్దుల్ కలాం గారి బృందం క్షిపణికి వాడే పదార్థంతో పిల్లలకు కాలిపర్లు చేసింది. మూడు కిలోలకు పైగా ఉన్న బరువు 300 గ్రాములకు దిగింది. డాక్టరు, ఇంజనీరు ఒకచోట కూర్చుంటే జరిగే మేలు అది.

నల్గొండలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. రోగుల అనుమతితో, పేర్లు తీసేసి స్కాన్లు భద్రపరచాలి. ఆపరేషన్‌లో తీసిన ఎముక ముక్కలను ల్యాబులో పరీక్షించి బలం కొలవాలి. సాఫ్ట్‌వేర్ ఉచితంగానూ దొరుకుతుంది. కొలతతో సరిచూడనిదే కంప్యూటర్ మాట నమ్మరాదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది నేనే మొదలు. "ఈ చదువుతోని మనకేమొస్తది బిడ్డా?" అని ఊళ్లో అడుగుతారు. మన చదువు ముందుగా జవాబు చెప్పవలసింది వాళ్లకే. ఇంటర్‌లో లెక్కలంటే భయపడే తమ్ముడా, బయాలజీ ఒక్కటే చాలనుకునే చెల్లీ! రెండూ కలిసే చోట మన జిల్లాకు పని ఉంది. ఆ పని మనం చేయకుంటే ఎవరు చేస్తారు?

— ఎం.టెక్. విద్యార్థి, ఈ వసతి గృహం పూర్వ విద్యార్థి