ఐదు డాలర్ల రిసెప్షనిస్ట్

చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దిగి అశోక్‌నగర్ వైపు నడిస్తే అడుగడుగునా హాస్టల్ బోర్డులు, స్టడీ హాల్ బోర్డులు, గ్రూప్స్ కోచింగ్ ఫ్లెక్సీలే. ఈ మధ్య వాటి పక్కనే కరెంటు స్తంభాలకి ఇంకో రకం కాగితాలు కనిపిస్తున్నాయి. ‘యూఎస్ ప్రాసెస్, వర్క్ ఫ్రమ్ హోమ్, నైట్ షిఫ్ట్.’ రోజూ వాటిని చూస్తూనే ఆఫీసుకి పోయేవాణ్ని. మా అన్నయ్య ఫోన్ చేసేదాకా వాటితో నాకేం పని పడలేదు.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. డాలస్ దగ్గర ఉంటాడు. వదిన డెంటిస్ట్, సొంత క్లినిక్. అన్నయ్య లెక్కలు చూసుకుంటాడు. ఫ్రంట్ డెస్క్‌లో ఫోన్లు ఎత్తే అమ్మాయి మానేసింది. ‘ఏరా, ఇండియా నుంచి మనిషిని పెట్టుకుందాం అనుకుంటున్నా. ఒక ఏజెన్సీ గంటకి 9 డాలర్లు అంటోంది. కాస్త కనుక్కో’ అన్నాడు.

ఎందుకు చవకో ముందు లెక్క చూద్దాం. అక్కడి అమ్మాయికి అన్నయ్య గంటకి 18 డాలర్లు ఇచ్చేవాడు. దానిపైన యజమాని వాటాగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 7.65 శాతం. నెలకి 173 గంటల చొప్పున 3,350 డాలర్లు దాటుతుంది. ఏజెన్సీ మనిషికైతే సుమారు 1,560. సగం కన్నా తక్కువ. చిన్న క్లినిక్‌కి అది చిన్న మొత్తం కాదు, కాబట్టి అన్నయ్యని తప్పు పట్టలేను.

నేను ఇంకో ప్రశ్న అడిగాను: ఆ 9 డాలర్లలో పని చేసే మనిషికి ఎంత వస్తుంది?

నారాయణగూడలో టీ తాగుతూ మా కాలేజీ జూనియర్‌ని అడిగితే తేలింది. తను అలాంటి ఏజెన్సీ ఒకదానిలోనే చేస్తోంది. ‘చేతికి 24 వేలు అన్నా. సెలవు పెడితే కట్’ అంది. డాలరుకి 85 రూపాయలే వేసుకున్నా, ఆ 9 డాలర్ల లెక్కన ఏజెన్సీకి నెలకి 1,32,000 పైన వస్తుంది. అందులో 24 వేలు తనకి. ఆఫీసు, ట్రైనింగ్, ఒకరు రాకపోతే ఇంకొకరిని కూర్చోబెట్టడం, వీటన్నిటికీ ఖర్చు ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ మరీ లక్ష రూపాయలా?

‘అన్నయ్యా, మధ్యలో ఎవరూ లేకుండా గంటకి 5 డాలర్లు నువ్వే ఇవ్వు. నీకు ఇంకా తగ్గుతుంది, ఇక్కడ మనిషికి 73 వేలు వస్తుంది’ అన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు. నేను గొప్ప ఐడియా ఇచ్చానని తెగ మురిసిపోయాను.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్న ఒక తమ్ముడు దొరికాడు. మహబూబ్‌నగర్ వైపు ఊరు, డిగ్రీ అయింది, ఇంగ్లిష్ బాగానే మాట్లాడతాడు. పగలు సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు, రాత్రి డాలస్ డ్యూటీ. కాగితం మీద చక్కగా కుదిరింది.

కాగితం మీద కుదరనిది మొదట గడియారం. డాలస్‌లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు డ్యూటీ నాలుగున్నరకి అయిపోతుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఈ సంగతి నేను చెప్పడం మర్చిపోయాను. ఆ సోమవారం తమ్ముడు గంట ముందే లాగిన్ అయి కూర్చున్నాడు. మూడున్నరకి లేవబోతే వదిన ‘ఇంకో గంట ఉంది కదా’ అంది. ఆ రోజు పది గంటలు కూర్చున్నాడు.

రెండోది గది. నలుగురున్న రూములో అర్ధరాత్రి ఫోన్లు మాట్లాడాలి. అవతల పేషెంట్ పుట్టిన తేదీ, ఇన్సూరెన్స్ నంబరు చెబుతుంటాడు. అమెరికాలో 1996 నుంచి హిపా అనే చట్టం ఉంది. పేషెంట్ వివరాలు కాపాడాల్సిన బాధ్యత క్లినిక్‌దే. హాస్టల్ రూములో అది ఎలా కుదురుతుంది? నాకు ఆలస్యంగా వెలిగింది. ఇన్సూరెన్స్ పని ఆపించి, అపాయింట్‌మెంట్లు మాత్రమే ఉంచాం. అన్నయ్యే డబ్బు పెట్టి దగ్గర్లో ఒక చిన్న గది అద్దెకి తీసుకున్నాడు. మూడోది కరెంటు. ఒక రాత్రి రెండు గంటలు పోయింది. క్లినిక్ ఫోన్లు ఎత్తే దిక్కు లేదు. ఏజెన్సీ ఎందుకు డబ్బు తీసుకుంటుందో అప్పుడు కొంత అర్థమైంది.

అసలు దెబ్బ మూడు నెలలకి తెలిసింది. లైబ్రరీలో పుస్తకం ముందు తల వాల్చి నిద్రపోతున్నాడు. బయటికి తీసుకెళ్లి అడిగితే, ‘పైసలు మంచిగనే ఉన్నయి అన్నా. ఇంటికి పంపిస్తున్న. గానీ నిద్ర సాల్తలేదు. చదివింది చదివినట్టే పోతుంది’ అన్నాడు. అతను హైదరాబాద్ వచ్చింది గ్రూప్-2 కోసం. నేను లెక్కేసిన 73 వేలలో ఆ ఖర్చు ఎక్కడా లేదు.

అన్నయ్యతో గట్టిగానే మాట్లాడాను. షిఫ్టుని రెండు ముక్కలు చేశాం. రాత్రి పదకొండు వరకు తమ్ముడు, ఆ తర్వాత రాత్రి పని అలవాటున్న ఇంకొకావిడ. ఆవిడ పగలు నిద్రపోగలదు, చదువు గొడవ లేదు. అన్నయ్య ఖర్చు అంతే. ఒకరి నెట్ పోతే ఇంకొకరు అందుకుంటారు. తమ్ముడి ఆదాయం సగమైంది, దాదాపు 37 వేలు. అయినా నిద్రపోతున్నాడు.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. పోయిన నెల అన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ‘ఏఐ బాట్ పెడితే ఈ ఇద్దరూ అక్కర్లేదంటున్నారు. నువ్వు చేసి పెడతావా?’ చేసి పెట్టగలను, నా ఉద్యోగమే అది. స్వీడన్ కంపెనీ క్లార్నా తన ఏఐ 700 మంది సపోర్ట్ ఏజెంట్ల పని చేస్తోందని 2024లో గొప్పగా చెప్పింది. 2025లో మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నామంది. ఆ సంగతే చెప్పాను. చివరికి క్లినిక్ మూసేశాక వచ్చే మెసేజ్‌లకి మాత్రమే బాట్ పెట్టాం. పన్ను నొప్పితో ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లు ఇప్పటికీ అశోక్‌నగర్‌తోనే మాట్లాడుతున్నారు. ఇంకో ఏడాది తర్వాత? మాట ఇవ్వలేను. తమ్ముడికి అదే చెప్పాను.

మీలో చాలామంది ఇలాంటి పని వెతుకుతుంటారు కాబట్టి, దెబ్బ తిని నేర్చుకున్నవి కొన్ని చెబుతా.

గంటలు, జీతం, సెలవులు, మానేయాలన్నా మాన్పించాలన్నా నెల ముందు నోటీసు... అన్నీ రాతపూర్వకంగా ఉండాలి. మొదట్లో మేం వాట్సాప్‌లో మాట అనుకుని వదిలేశాం, అది తప్పు. కాంట్రాక్టర్‌కి పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. అందుకే డైరెక్ట్ రేటు ఎక్కువ అడగాలి, అందులో కొంత పక్కన పెట్టుకోవాలి. అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడిగితే భయపడకండి. మీరు అమెరికా పౌరులు కాదని చెప్పే కాగితం అది. డబ్బు మీ పేరున్న బ్యాంకు ఖాతాకే రావాలి, వచ్చినట్టు బ్యాంకు నుంచి పత్రం తీసుకోండి. కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల వరకు మామూలు ఆదాయంపై పన్ను పడకపోవచ్చు, కానీ 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే.

రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అడిగితే అది ఉద్యోగం కాదు. కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ‘కస్టమర్ సపోర్ట్ జాబ్, థాయిలాండ్ రండి, టికెట్ మాదే’ అన్నవాణ్ని అస్సలు నమ్మొద్దు. అలాంటి మాటలు నమ్మి మియన్మార్ సైబర్ మోసాల క్యాంపుల్లో చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయుల్ని 2025 మార్చిలో వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఇక మీ అన్నయ్యో బావో అమెరికా నుంచి ‘చవకగా ఒక మనిషిని చూడు’ అంటే, ఎంత మిగులుతుందో తర్వాత లెక్కేయండి. ముందు ఆ మనిషి చేతికి ఎంత వస్తుంది, ఎన్నింటికి పడుకుంటాడు, ఈ రెండూ అడగండి. నేను మొదటిది అడిగి, రెండోది మర్చిపోయాను.

నిన్న రాత్రి పదకొండుంపావుకి తమ్ముడు మెసేజ్ పెట్టాడు: ‘లాగౌట్ అన్నా. రేపు పొద్దున మాక్ టెస్ట్ ఉంది.’ ఈసారి నవంబరు మొదటి ఆదివారానికి నా ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాను.