నిరాడంబరతకు రాతి రూపము

శిఖరముల ఎత్తును, బంగారు పూతల తళుకును చూచి ఆశ్చర్యపడుట మనకు అలవాటు. అలంకారము లేని కట్టడమును లోపముగా నెంచుటయు అలవాటే. ఈ తలంపు ఎంత పొరపాటో ఐరోపాలోని మధ్యయుగపు సిస్టర్షియన్ క్రైస్తవ మఠములు తెలుపుచున్నవి. అవి మరియొక కఠిన సత్యమును గూడ తెలుపుచున్నవని మా అభిప్రాయము.

క్రీ.శ. 1098లో మొలెమ్ మఠాధిపతి రాబర్టు కొందరు సహచరులతో కలిసి, ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతమున సితో అనుచోట నూతన మఠమును స్థాపించెను. సంపన్న మఠముల సుఖజీవనమును విడిచి, సెయింట్ బెనెడిక్టు నియమావళిని తు.చ. తప్పక పాటించుటయే వారి ఆశయము. సన్యాసి తన చేతుల కష్టముతోనే బ్రతుకవలెనని వారు తలంచిరి. 1115లో క్లేర్వో మఠమునకు తొలి అధిపతియైన బెర్నార్డు, పేదలు పస్తులుండగా చర్చి గోడలకు బంగారమెందుకని తరువాతి కాలమున నిలదీసెను.

ఆ పట్టుదల రాతిలో రూపు దాల్చినది. 1118లో వెలసిన ఫాంతెనే మఠమునే చూడుడు. 1147లో పోపు మూడవ యూజీనియస్ ప్రతిష్ఠించిన అచటి చర్చిలో శిల్పముల ఆర్భాటము లేదు. ఎత్తైన గంట గోపురము లేదు. మధ్యశాలకు పైకిటికీలు సైతము లేవు. ముందు వెనుక గోడల నుండియు, ప్రక్క నడవల నుండియు వచ్చు వెలుగు మొనదేలిన కమానులపై ప్రసరించును. ఆ వెలుగే అచటి అలంకారము.

కాని ఆ గోడల మాటున చిందిన చెమట ఎవరిది? పొలములలోను, మందలవద్దను అధికభాగము శ్రమించినవారు ‘శ్రామిక సోదరులు’. వారికి భోజనశాల వేరు, శయనశాల వేరు. మఠాధిపతి ఎన్నికలో వారికి ఓటు లేదు. క్రమముగా సంపదయు పెరిగెను. 1193లో ఇంగ్లండు రాజు మొదటి రిచర్డును చెర విడిపించు సొమ్ముకై ఆ దేశపు సిస్టర్షియన్ల ఏడాది ఉన్నిని తీసికొనిరనగా, పేదరికమును వరించినవారి మందలు ఎంత విస్తరించెనో ఊహింపవచ్చును.

ఫ్రెంచి విప్లవముతో ఆ దేశపు మఠములు మూతపడెను. ఫాంతెనే కాగితపు మిల్లయ్యెను; 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను. క్లేర్వోను 1808లో ప్రభుత్వము కొని కారాగారముగా మార్చగా, అది 2023 వరకు నడచినది.

రాయి మాట నిలుపుకొన్నది, మనుష్యులు నిలుపుకొనలేదు. నిరాడంబరత గోడలకే పరిమితమైనచో అది కట్టడపు శైలి మాత్రమే. శ్రమించినవానిని సరిసమానముగా పంక్తిలో కూర్చుండబెట్టుకొన్ననాడే అది ధర్మమగును. ఫాంతెనే వెలుగును మెచ్చుకొను మనము, ఆ పంక్తికి దూరముగా నిలిచినవారిని మరువరాదు.