వ్యాన్ నడిపిన దోస్తు

"అన్నా, మా దోస్తుకి బ్లడ్ క్యాన్సర్. దమ్మపేట నుంచి భద్రాచలం దాకా సైకిల్ తొక్కి డబ్బులు పోగుచేద్దామనుకుంటున్నా. జనం నవ్వుతారా?"

మొన్న వచ్చిన మెసేజ్ ఇది. ఎందుకు నవ్వుతారు తమ్ముడూ? శ్రీరామనవమికి కాలినడకన భద్రాద్రి పోయేవాళ్లని చూస్తూ పెరిగినోళ్లం. దోస్తు కోసం సైకిల్ తొక్కితే తప్పేముంది? కానీ బయల్దేరేముందు ఇద్దరు దోస్తుల కథ విను.

టెర్రీ ఫాక్స్ కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్ వచ్చి 1977లో, 18 ఏళ్లకే కుడికాలు తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలెట్టాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు. అంటే రోజుకో మారథాన్!

టెర్రీ పేరు ప్రపంచానికి తెలుసు. వ్యాన్ నడిపిన డగ్ ఆల్వర్డ్ ఎంతమందికి తెలుసు? బడిలో కలిసి చదివిన దోస్తు. మైలు ముందుకెళ్లి ఆగడం, నీళ్లందించడం, వండిపెట్టడం అతని పని. అలసటతో ఒక దశలో ఇద్దరికీ మాటలు కూడా బందయ్యాయి. టెర్రీ తమ్ముడు డారెల్ వచ్చి కలిశాక కాస్త తేలికైంది. అయినా డగ్ మాత్రం స్టీరింగ్ వదల్లేదు.

మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. తర్వాత పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరొచ్చింది. జనాభా పదివేలు. ఇచ్చింది పదివేల డాలర్ల పైమాటే. మనిషికో డాలర్! దేశమంతా ఇలాగే ఇస్తే చాలు కదా అనుకున్నాడు టెర్రీ. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. 1981 ఫిబ్రవరికల్లా విరాళాలు 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అప్పటి కెనడా జనాభా కూడా ఇంచుమించు అంతే. ఆ జూన్ 28న టెర్రీ కన్నుమూశాడు. వయసు 22.

ఇక నీ సంగతి. ముందు దోస్తుని అడుగు. జబ్బు అతనిది, ఫొటో అతనిది. వద్దంటే స్టేటస్‌లో పెట్టకు. రెండు, ఆరోగ్యశ్రీలో రూ.10 లక్షల దాకా వైద్యం ఉంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏది వర్తిస్తుందో, ఏది తక్కువ పడుతుందో తేల్చుకో. సీఎం సహాయనిధి సంగతీ కనుక్కో. మూడు, డబ్బులు నీ ఫోన్‌పేకి వద్దు. ఆసుపత్రి ఖాతాకో, వాళ్ల అమ్మానాన్నల ఖాతాకో నేరుగా పోవాలి. ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది రోజూ గ్రూపులో పెట్టు. నాలుగు, లక్షలు అడగకు. మనిషికో వంద అడుగు.

ములకలపల్లి, పాల్వంచ మీదుగా పోతావేమో. ఎండ ముదరకముందే, తెల్లారగానే బయల్దేరు. హెల్మెట్ పెట్టుకో. పామాయిల్ గెలల లారీలొస్తుంటాయి, జాగ్రత్త. వెనకాల ఓ బండి తప్పనిసరి.

సైకిల్ ఒకట్రెండు రోజుల ముచ్చట. వైద్యం నెలలు, ఏళ్లు. లైకులు ఆగిపోయాక కూడా ప్లేట్‌లెట్స్ కావాలి. అవి ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. అందుకే ఇచ్చేవాళ్ల నంబర్లు ఇప్పుడే రాసిపెట్టుకో. ఆసుపత్రిలో వాళ్లమ్మకి టిఫిన్ తీసుకెళ్లు. రాత్రి కాపలాకి వంతులేసుకోండి. డగ్ చేసిన పని అదే.

డేట్ ఖాయం చేసి చెప్పు తమ్ముడూ. మొదటి వంద నాది.