పాత కారు అమ్మేద్దామా?

మా చిన్న డీజిల్ కారు 2013లో కొన్నది. ఇంటికి ఎవరొచ్చినా "ఇంకా ఇదేనా?" అంటారు. మావారికీ కొత్తదాని మీద మనసు పడింది. నేను మాత్రం ఇప్పుడే వద్దంటున్నాను.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద పెట్టిన ఆంక్షల గురించి విని చాలామంది కంగారుపడుతున్నారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఆ పదేళ్ల నియమం లేదండీ. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. అంటే మా బండికి 2028 దాకా గడువుంది.

ఇక ఖర్చు. కొత్త కారంటే నెలనెలా వాయిదా, పైగా బీమా కూడా ఎక్కువే. నా లెక్క ఒక్కటే: ఏడాది రిపేర్లన్నీ కలిపినా మూడు నెలల వాయిదా దాటనంతవరకు పాతదే నయం. వచ్చే ఏడాది అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరాలి. దాచిన డబ్బు ముందు ఆ ఫీజుకే.

మరి పొగ మాటేమిటంటారా? వేళకి సర్వీసు, పొగ పరీక్ష చేయించాల్సిందే. టైర్లు, బ్రేకుల దగ్గర పిసినారితనం పనికిరాదు. బండి నల్లపొగ కక్కుతూ బాగుపడనంటే, అమ్మేయమని నేనే ముందు చెప్తాను.

అప్పుడైనా మాకు మళ్లీ డీజిల్ వద్దు. కొత్త డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మాలా బడికీ బజారుకీ మాత్రమే తిప్పితే అది మూసుకుపోతుంది.

కారు సంగతి మగవాళ్లు చూసుకుంటారని ఊరుకోకండి. వాయిదా పోగా మిగిలినదాంతో ఇల్లు నడపాల్సింది మనమే.