వంజంగికి అనుమతి ఎవరివ్వాలి?

వంజంగి, లంబసింగిల గురించి ప్రతి శీతకాలం వెలువడే కథనాలు వాహనాల రద్దీతో మొదలై ప్లాస్టిక్ సీసాల దగ్గర ఆగిపోతాయి. సందర్శకులు చెత్త వేయకపోతే చాలునన్న భావన వాటి వెనుక ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ రెండు ప్రాంతాలూ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందివని, అంటే ఆదివాసుల భూమికి, స్వపరిపాలనకు ప్రత్యేక రక్షణలున్నవని ఆ కథనాల్లో ఎక్కడా కనిపించదు.

భూమి సంగతి కొంత తెలిసినదే. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన '1/70 చట్టం' ప్రకారం ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయిస్తే చెల్లదు. ప్రభుత్వం కూడా ఈ నిషేధానికి లోబడినదేనని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు గిరిజనుడిది, పెట్టుబడి మరొకరిది అయిన రిసార్టులు ఎక్కడ ఉన్నా వాటిని ఈ తీర్పుతోనే కొలవాలి.

అసలు చర్చకు రానిది 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని ఐదో సెక్షన్. సామాజిక అటవీ వనరు, అంటే గ్రామస్థులు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవిలోకి ప్రవేశాన్ని నియంత్రిస్తూ, వన్యప్రాణులకు, జీవవైవిధ్యానికి హాని చేసే పనులను ఆపుతూ గ్రామసభ తీసుకున్న నిర్ణయాలు అమలయ్యేలా చూసే అధికారాన్ని అది హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. పర్యాటకుల ప్రస్తావన అందులో లేని మాట నిజమే. ఆ నియంత్రణ వంటచెరకుకు, పశువుల మేతకు మాత్రమే పరిమితమనీ లేదు. అదే చట్టం అటవీ భూమిలో ప్రభుత్వం కల్పించదగిన బడి, రోడ్డు వంటి 13 సౌకర్యాలను పేర్కొంది (వాటికి సైతం గ్రామసభ సిఫారసు తప్పనిసరి). విడిది గృహాలు ఆ జాబితాలో లేవు.

2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ, అటవీ ప్రణాళికల్లో చేర్చిన ఎకోటూరిజం సదుపాయాలను అటవీయేతర వినియోగం కిందికి రాకుండా తప్పించింది. అధికారులకు ఇది ఊరటే కావచ్చు. కానీ ఒక చట్టం కింద మినహాయింపు దొరికినంత మాత్రాన మరో చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం రద్దు కాదు.

ఎవరికీ తెలియని జలపాతాన్ని కనిపెట్టామని చాటే వీడియోలు వచ్చిన ప్రతిచోటా అనుమతి ఎవరివ్వాలన్న ఇదే ప్రశ్న తలెత్తుతుంది. ఎంతమందిని, ఏ నెలల్లో, ఏ దారిన రానివ్వాలో, రుసుము ఎవరి ఖాతాకు చేరాలో గ్రామసభ తీర్మానమే నిర్ణయించాలి. డేరాలు అద్దెకిచ్చే స్థానిక యువకుల రాబడి తగ్గుతుందన్న అభ్యంతరాన్ని తూచవలసిందీ ఆ సభే. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం డోంగ్రియా కొంధుల మతపరమైన హక్కులకు భంగకరమా అన్నది గ్రామసభలే పరిశీలించాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, కొండపై డేరాల సంఖ్యను తేల్చే సామర్థ్యం వాటికి లేదనే వాదన నిలవదు.